చెన్నమ్మక్క పెట్టిన కటాఫ్ స్విచ్చి

స్విచ్చి ఆపినాక కూడా మా చక్రి నీ బండంతా ఎందుకు తడుముతా ఉన్నాడనా, ప్రతిభమ్మా? వాళ్ళమ్మ నేర్పిన పని అది. మా అక్క చెన్నమ్మ. పోయి పద్దెనిమిదేండ్లాయె. అప్పట్లో ఈ హోసూరులో బండ్లకు వైరింగు చేసే ఆడమనిషి ఆమె ఒక్కతే. బావ పోయినాక షాపు మూసేయమంటిమి. 'మూస్తే నువ్వు సాకుతావారా అచ్చెన్నా?' అనె. నేనే ఆమె కింద పనిచేస్తా ఉంటి. యాడ సాకేది?

ఉదయ్ కుమార్ అని కృష్ణగిరిలో గ్రానైటు యాపారి. నీ మాదిరే వ్యానును ఇల్లు చేసుకున్నాడు. మంచం, పొయ్యి, చిన్న ఫ్రిజ్జి. రెండు దినాలు నిలిపితే బ్యాటరీ ఖాళీ. అక్క కటాఫ్ స్విచ్చి పెట్టి, 'ఇది ఆపి పోండప్పా, లోపల ఏదీ కరెంటు తాగదు' అనె.

ఆయుధపూజ అయిన వారానికి వచ్చినాడు చూడు, నలుగుర్ని ఏసుకొని! 'స్విచ్చి ఆపే పెట్టినా, మళ్ళా బ్యాటరీ సచ్చె. ఆడోళ్ళ చేతికి పనిచ్చిన నన్ను అనల్ల!' బాగలూరు రోడ్డంతా ఇనె. ఆ మాట నిలిస్తే ఇంగ మా షాపుకు ఎవరొస్తారమ్మా?

అక్క బ్యాటరీకి ఛార్జరు తగిలించి, స్విచ్చి ఆపి, బండి చుట్టూ తిరిగె. తలుపుకు ఎండిన మామిడాకుల తోరణం. 'పండగ తోరణం, ముట్టద్దమ్మా!' అన్నాడాయన. ఇనలే. ఎండకు అడ్డంగా తలమీద గోనెసంచి కప్పుకొని ఆకుల సందున చూసె. 'రాప్పా, నువ్వూ చూడు.' అంత గ్రానైటు దొర గోనెసంచిలో తల పెట్టె! లోపల సీరియల్ బల్బులు, మిణుకు మిణుకుమని. ఇల్లు కదా అని పూజకు ఆయన డ్రైవరు గుమ్మానికి బల్బులు కట్టి, వైరును స్విచ్చికి కాకుండా నేరుగా బ్యాటరీకే తగిలించినాడు. తోరణం ఎండినా ఇంకో పండగదాకా తీయరు కదా మనోళ్ళు. ఎవరికి కనపడతాది?

అక్క ఒక్క మాట ఎత్తిపొడవలే. వైరు మార్చి, 'పోయిరాండప్పా' అనె. నాకు రొమ్ము ఇంత పొంగె! ఈ పొద్దుకీ ఆ పేరు మీదే కదా బండ్లు వస్తా ఉండేది.

అయితే... అక్క బండి చుట్టూ తిరిగేటప్పుడు నేనేం చేస్తావుంటినో తెలుసా? స్పానరు పట్టుకొని స్విచ్చి విప్పతావుంటి. 'మా అక్కదే తప్పు సార్' అని కూడా అంటి. ఆమె ఇనె. మధ్యాన్నం సంగటి ఎప్పటి మాదిరే రెండు ముద్దలు పెట్టె. తలెత్తి చూడలేకపోతిని.

...నీ ఫోను మోగతావుండాది, చూడమ్మా.