లాక్ వేసి వస్తా

వంతెనను తీసుకుపోయిన వరదకు మరుసటి ఏడాది సంగతి ఇది. ఇంటి పక్కన రేకుల షెడ్డు. అందులో ఒండ్రు పట్టిన పాత డీజిల్ బండి, నాలుగు చక్రాలకూ ఇంజను ఊపు అందే ఫోర్ వీల్ రకం. అమ్మేస్తానని పట్టుబట్టిన పెద్దాయన, అమ్మనివ్వనని అడ్డం నిలబడ్డ ఆయన తమ్ముడి భార్య, కొందామని వచ్చిన మెకానిక్ మేస్త్రి. ముగ్గురే ఉన్నారు.

"అడ్డం లేమ్మా. మేస్త్రి బానెట్ ఎత్తాలి."

"ఎత్తనివ్వను బావగారూ. రేపు మీ తమ్ముడొచ్చి బండేదంటే నేనేం చెప్పను?"

"వస్తే కదా చెప్పడానికి."

"వస్తారు."

"ఏ మొహం పెట్టుకుని వస్తాడు? నమ్మి ఎక్కిన ముగ్గుర్ని వాగు మధ్యలో వదిలేసి తన దారి తాను చూసుకున్నవాడు! ఆ ముగ్గురూ బతికి బయటపడ్డారు కాబట్టి సరిపోయింది. లేకపోతే ఈపాటికి నేను ఊరు విడిచిపోవాల్సింది."

"మీ తమ్ముడు అలాంటివారు కాదు."

"కాదా? రేవు దగ్గర లారీ తోలుతూ కనపడ్డాడని ఎవరో చూసొచ్చి చెప్పారు కదా. అదీ అబద్ధమేనా?"

ఆమె బానెట్ మీద రెండు చేతులూ ఆనించి నిలబడింది.

"అదిగో. దానికి మాత్రం నోరు లేవదు నీకు."

"పెద్దాయనా, మీరూ మీరూ ఒక మాట మీదికి రండి. నేను ఇంకోసారి వస్తా."

"వచ్చాం మేస్త్రీ. నువ్వు చూడు. ఇది ఇక్కడున్నన్నాళ్ళూ నేను వీధిలో తలెత్తుకోలేను. టీ కొట్టు కాడ నన్ను చూడగానే మాటలాపేస్తున్నారు. నేనటు తిరగ్గానే నవ్వు. వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాను. ఈ బండి రోజూ ఎత్తుతూనే ఉంది."

"అమ్మా, చూసినంత మాత్రాన కొన్నట్టు కాదులే. షాపులో చొక్కాలన్నీ తొడుక్కుని చూసి ఊరికే ఇంటికొచ్చే మనిషిని నేను. కాస్త పక్కకి జరుగు తల్లీ."

"చూడండి. చూసి వెళ్ళిపోండి."

"నీళ్ళలోంచి తీశాక ఇంజను తిప్పారా పెద్దాయనా?"

"లేదు. ట్రాక్టరుకు గొలుసు కట్టి లాక్కొచ్చి ఇందులో పడేశారు. మళ్ళీ ఎవరూ ముట్టలేదు. తాళంచెవి ఈ అమ్మాయి తీసి దాచుకుంది."

"మంచి పని చేసింది. లోపల నీళ్ళుంటే ఒక్క తిప్పుకే రాడ్లు వంగి కూర్చుంటాయి. కడిగినట్టు కూడా లేదే?"

"దానికి ఇంకా నీళ్ళు కూడానా?"

"నిజమేలే, పుట్టెడు తాగింది. ఈ ఆయిలు చూడండి, టీ రంగుకొచ్చింది. పారబొయ్యాలి. డీజిల్ ట్యాంకు దింపి కడగాలి. గేరు పెట్టె విప్పాలి. బేరింగులు ఎన్ని పోయాయో విప్పితే గానీ తెలీదు. వైర్లు ఎలకలు కొట్టేశాయి."

"అంటే పనికిరాదంటావా?"

"అనలేదు. ఛాసీ ఉక్కులా ఉంది. క్వారీ దారిలో దిగబడ్డ లారీలు లాగడానికి నాకిలాంటిదే కావాలి. కొత్త బండ్లు మన చేతికి లొంగవు, చీటికీ మాటికీ కంపెనీకి పరుగెత్తాలి. ఇది అలా కాదు. పైగా ఎవరో దీన్ని బాగా సాకారు. గ్రీజు పెట్టాల్సిన చోటల్లా పెట్టి ఉంది."

"ఆయనే. సెలవు రోజొస్తే దీని కిందే పడుకునేవారు. అన్నానికి పిలిస్తే మాట రాదు, కాలు ఊపేవారు. అదే జవాబు."

"అంత ముద్దు చేసినవాడు ఎలా వదిలేశాడో మరి."

"బావగారూ, చాలు."

మేస్త్రి డ్రైవరు సీట్లోకి ఎక్కాడు. పెడళ్ళు తొక్కి చూశాడు. గేర్లు కదిపి చూశాడు. గేరు రాడ్డు పక్కనున్న చిన్న లివరు దగ్గర చెయ్యి ఆపాడు.

"పెద్దాయనా, ఈ చిన్న లివరు ఎవరైనా కదిపారా?"

"ఎవరూ ముట్టలేదని చెప్పానుగా."

"ఫోర్ వీల్‌లో ఉంది."

"ఉంటే?"

"ముందు చక్రాలకూ ఊపు ఇద్దామనుకున్నాడన్నమాట, మీ తమ్ముడు."

"ఇచ్చి ఏం ఒరగబెట్టాడు? వెనక చక్రాలే ఇసక ఎగజిమ్మాయట. ముందువి కదల్లేదట. ముగ్గురూ ఒకటే మాట."

"కదలవు. ఈ పాత రకానికి లివరొక్కటే చాలదు… ఆగండి. వాళ్ళు ఇంకేం చెప్పారు?"

"ఎవరు?"

"ఆ ముగ్గురూ. ఈయన దిగేముందు ఏమన్నాడని?"

"ఎందుకయ్యా ఇప్పుడా సోది. ధర చెప్పు, తోలుకుపో."

"నేను చెప్తాను మేస్త్రిగారూ. వంతెన లేక వాగులోనే దిగేప్పుడు నీళ్ళు చీలమండల దాకానే ఉన్నాయట. మధ్యలోకి వెళ్ళేసరికి పైనుంచి ఒక్కసారిగా వచ్చిపడ్డాయి. చక్రాలు దిగబడ్డాయి. అప్పుడు 'కదలకండి, లాక్ వేసి వస్తా' అని దిగారట. ఆ వానలో వాళ్ళకు మళ్ళీ కనపడలేదు."

"అదే! మనుషుల్ని లోపల పెట్టి లాక్ వేసి వస్తాడట! నవ్వరా మరి జనం? ఇప్పటికీ టీ కొట్టులో ఎవడు లేచినా, 'ఉండండ్రా, లాక్ వేసి వస్తా' అంటాడు. నేను వింటుండగానే అంటారు."

"తలుపులకు లాక్ వెయ్యలేదు. తాళంచెవి బండికే ఉంది. ఇంజను ఆడుతూనే ఉందట. ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు."

"భయంలో నోటికొచ్చింది వాగాడు."

"పెద్దాయనా, ఒకసారి ఇటు రండి. ముందు కుడి చక్రం దగ్గరికి."

"అక్కడేముంది?"

"చక్రం మధ్యలో ఈ గుండ్రటి బిళ్ళ. ఎప్పుడైనా చూశారా?"

"చూశాను. సోకుకి పెట్టించాడనుకున్నా."

"సోకు కాదు. మట్టి గీకుతా, చూడండి. రెండు గుర్తులున్నాయి. ఇది ఫ్రీ, ఇది లాక్. రోడ్డు మీద ఫ్రీలో ఉంటుంది. దిగబడినప్పుడు లోపల లివరు వేసి, మనిషి కిందికి దిగాలి. రెండు ముందు చక్రాలకూ ఈ బిళ్ళ చేత్తో లాక్‌కి తిప్పాలి. అప్పుడే ముందు చక్రాలు పట్టు అందుకుంటాయి. దాన్ని మేం…"

"ఏమంటారు?"

"లాక్ వెయ్యడం అంటాం."

"మళ్ళీ అనండి మేస్త్రిగారూ."

"లాక్ వెయ్యడం అంటామమ్మా. డ్రైవర్లందరూ అదే అంటారు. బండెక్కినవాళ్ళకేం తెలుస్తుంది? వాళ్ళకు లాక్ అంటే తలుపుదే."

"ఇది… ఇప్పుడు ఎక్కడుంది మేస్త్రీ?"

"లాక్‌లో ఉంది. పూర్తిగా వేశాడు."

"ఎడమది?"

"అటు వెళ్ళి చూడాలి."

"నువ్వే చూసి చెప్పు. నేనిక్కడే ఉంటా."

"మట్టి రాయిలా బిగుసుకుంది. నిజమే, ఎవరూ ముట్టలేదు దీన్ని… పెద్దాయనా."

"చెప్పు."

"ఇది సగం తిరిగి ఉంది."

"సగమంటే?"

"ఫ్రీలో లేదు. లాక్‌లోనూ లేదు. తిప్పుతూ తిప్పుతూ ఆగిపోయింది. ఇది నీళ్ళకు కదిలేది కాదు, చెయ్యి పడాలి. వాగు ఎటునుంచి ఎటు పారుతుంది?"

"ఎడమ నుంచి కుడికి."

"అయితే కుడి పక్క బండి చాటుంది. ఇటు చాటు లేదు. నీళ్ళు నేరుగా తగిలేది ఈ పక్కే. పారిపోయేవాడైతే వచ్చిన దారినే వెనక్కి నడవాలి. ఈయన బానెట్ ముందు నుంచి తిరిగి ఇటొచ్చాడు. వచ్చి దీనిమీద చెయ్యి వేశాడు."

"అంటే మావాడు ఒడ్డెక్కలేదు."

"లేదు పెద్దాయనా."

"ఒడ్డెక్కలేదు. విన్నావా అమ్మాయ్? మావాడు ఒడ్డెక్కలేదు! బండి అమ్మను మేస్త్రీ, నన్ను తిట్టుకోకు. రేపు పొద్దున్నే టీ కొట్టు కాడికి నువ్వు రావాలి. ఆ ముగ్గుర్నీ పిలిపిస్తా. నవ్విన ప్రతివాణ్నీ ఇక్కడికి లాక్కొచ్చి ఈ చక్రం ముందు కూర్చోబెడతా. నువ్వు ఇప్పుడు చెప్పినట్టే చెప్పు, ఒక్క ముక్క మార్చకు. వాళ్ళ కోసమే దిగాడని చెప్పు. ఏంటమ్మా అలా చూస్తావ్? నువ్వన్నదే నిజమైంది. నేనే తప్పు."

"మేస్త్రిగారూ, దాన్ని ఫ్రీలో పెట్టెయ్యండి."

"ఏంటమ్మా?"

"ఆ బిళ్ళలు. రెండూ ఫ్రీకి తిప్పెయ్యండి. ఎవరికీ చెప్పకండి."

"మతి పోయిందా నీకు? మేస్త్రీ, ముట్టుకోకు. ఇన్నాళ్ళూ వాడు అలాంటివాడు కాదని నాతో పోట్లాడింది నువ్వు కాదూ?"

"పోట్లాడాను. ఆయన్ని మాటంటే ఊరుకోలేక పోట్లాడాను. లోపల మాత్రం మీరన్నదే నిజం కావాలని కోరుకున్నాను."

"నేనన్నది?"

"పారిపోయారని. రేవు దగ్గర లారీ తోలుతున్నారని చెప్పారు చూడండి, ఆ రోజు కడుపునిండా అన్నం తిన్నాను బావగారూ. సిగ్గు పోయాక వస్తారులే అనుకున్నాను. మా పిల్లకీ అదే చెప్పుకుంటూ వస్తున్నాను. రేపు మీరు పదిమందినీ పిలిచి చెప్తే ఆయన మంచివారని తేలుతుంది. ఆయన మాత్రం ఇక ఉండరు."

మర్నాడు తెల్లవారుతూనే పెద్దాయన పార భుజాన వేసుకుని, టీ కొట్టు వైపు కాకుండా పెరటి దారిన వాగులోకి దిగి, ఇసక మేటలు తవ్వి వెతుక్కుంటూ దిగువకు నడిచాడు.