ఇడిల్ మూడు ఏడుపులు

హలో… ఆ, నేనే, ఉబాహ్‌నే. ఎవరూ?… హలీమో అవ్వా! నువ్వా! కాస్త మెల్లగా మాట్లాడు, ఇక్కడ గొంతు మోగుతుంది.

ఎక్కడేంటి, బాత్రూంలో… పర్లేదులే, చెప్పు. నాకెలాగూ ఇంకో పావుగంట పడుతుంది. చుక్కా… చుక్కా… అంతా చిన్నప్పుడు నువ్వేసిన కుట్ల పుణ్యమే కదా… తిట్టట్లేదు అవ్వా, ఉన్న మాట చెప్తున్నా. నా పాల బేరాలన్నీ ఇక్కణ్ణించే. ఫోన్ చేసినప్పుడల్లా తీరిగ్గా మాట్లాడతానని, ఈ బురో ఊరి బజారంతా నాకేదో పెద్ద ఆఫీసుందనుకుంటోంది.

ఏంటీ, ఇవాళా?… మా అమ్మాయి ఇడిల్‌కి సున్తీ రేపు కదా అన్నావు!… మా వీధిలోనే ఉన్నావా? టీ తాగుతున్నావా… తాగు, తాగు. నిదానంగా తాగు.

అత్తయ్యా, వస్తున్నానండీ! ఇప్పుడే కూర్చున్నా!… మా అత్తగారే. ఆవిడదీ నా బాధే. ఇద్దరం పొద్దున్నే ఈ తలుపు కోసం కొట్టుకుంటాం. మా ఆయన లోపలికెళ్ళి నిమిషంలో బయటికొస్తే వింతగా చూస్తాం.

అవ్వా, ఒక్క మాట. నీ కాళ్ళు పట్టుకుంటాను… బాత్రూంలోంచి కాళ్ళు పట్టుకోకూడదా? మరి ఈ కొంపలో నాకింకెక్కడుంది చాటు? విను. ఇవాళే రా. పాటలు పాడించు, సాంబ్రాణి వెయ్యి, మేకను కోయించు. కోసి కుట్టినట్టే ఇడిల్ కాళ్ళు తొడల్నించి మడమల దాకా గుడ్డతో కట్టు. అన్నీ చెయ్యి. పిల్లని మాత్రం ముట్టుకోకు.

నవ్వుతావేంటి?… నవ్వకు! ఇడిల్ కంటే చిన్నదాన్ని, నువ్వు నన్ను కోసి, అగ్గిపుల్ల దూరేంత సందు వదిలి కుట్టినప్పుడు. నెలనెలా రక్తం బయటికి రాక కడుపు పట్టుకుని దొర్లాను. పెళ్ళయిన రాత్రి మళ్ళీ బ్లేడే. మొదటి కాన్పులో పిల్లాడు దారి చాలక లోపలే పోయాడు, అవ్వా. నన్ను చీల్చి ఇడిల్‌ని తీశారు. మంట, చీము, జ్వరం… మందుల షాపువాడు నన్ను వీధి మలుపులో చూసే సీసా కిందికి దింపుతాడు. నా పిల్ల ఇలా గోడకి తల ఆనించి కూర్చోకూడదు. నేను చూడలేను.

ఇంకా నవ్వుతున్నావా?… ఏంటీ? మళ్ళీ చెప్పు… మా ఆయనా? వర్సమె వచ్చి అడిగాడా? నిన్నా?… ఒంటెల సంతలో, ఒంటె చాటున నిలబడి. ఆహా… ‘పిల్లని ముట్టుకోకు, మా ఆవిడకి తెలియనివ్వకు’ అన్నాడా! నాతో ఏమన్నాడో తెలుసా? ‘ఎంత తొందరగా అయితే అంత మంచిది’ అన్నాడు! ఆ మాటకి రెండు పూటలు కడుపు మాడ్చాను ఆయనకి!

ఇంకా ఉందా?… ఎవరూ?… మా అత్తగారా! ఈ తలుపవతల నిలబడి నన్ను తిడుతున్న అత్తగారేనా?… ‘నా కోడలి ముందు కత్తి బాగా నూరు, పిల్లని మాత్రం వదిలెయ్యి’… ఓరి దేవుడా! పొద్దున లేస్తే పరువు పరువని నా ప్రాణం తోడేసేది ఈవిడే కదా!

ఆగు ఆగు. అందుకా, ఇడిల్‌కి మూడు రకాల ఏడుపులొచ్చాయి! వీధికి వినిపించడానికి నేను నేర్పిన దొంగ ఏడుపు ఒకటే, సన్నగా, పళ్ళు బిగబట్టి. నిన్న చూస్తే మేకపిల్లలా అరుస్తోంది. అది వాళ్ళ నాన్నదయ్యుంటుంది. గుండెలు బాదుకునేది నాయనమ్మది… అయితే ముగ్గురి దగ్గరా హల్వా తిందన్నమాట! ఒక్కరికీ చెప్పలేదు చూడు, దొంగముండ! ఎనిమిదేళ్ళు దానికి!… అబ్బా, నవ్వించకు అవ్వా, నవ్వితే మంట.

మరి ఈ నాటకం ఇంకెవరి కోసం?… వీధి కోసమా… ఏంటీ, ఎదురింటి సాదో ఇంట్లోనూ అంతేనా? దర్జీ ఇంట్లోనూ?… అందరూ అడిగారా? హవ్వ! దర్జీవాళ్ళ పిల్ల ఏడుపు విని నాకు ముద్ద దిగలేదే! అయితే నువ్వు మాంసం తిని, మూతి తుడుచుకుని పోతున్నావా?… మంచిదానివే!

సరే, వచ్చెయ్యి. ఇంతకీ ఎవరింట్లో ఉన్నావు?… ఖమర్ ఇంట్లోనా? మా పక్క గోడే. పాపం, కొత్తగా వచ్చారు, ఎవరితోనూ కలవదు. వాళ్ళ పిల్ల రూన్ మా ఇడిల్‌తో ఆడుతుంది. ఆవిడ ఎలా అడిగింది నిన్ను?

…అడగలేదా?

…అడక్కపోతే ఏం చేస్తావు అవ్వా?

…నీళ్ళెందుకు కాగుతున్నాయి?

‘మానెయ్యమని అనలేదు, నేనెలా మానేస్తా’ అంటావేంటి!… ఏమందీ?… వీధిలో పిల్లలందరికీ అయింది, దీనికొక్కదానికే కాకపోతే నవ్వుతారు అందా… ఏడుపులు తన చెవులతో విందా. మా దొంగ ఏడుపులు! నిజమనుకుంది అవ్వా! అవి నిజమనుకుంది!

నువ్వు చెప్పు ఆవిడకి… ఎందుకు చెప్పవు?… ప్రతి ఇంట్లోనూ ఒట్టేశావా, ఎవరి గుట్టూ చెప్పనని. నీ ఒట్టు తగలెయ్య! సరే, నేనే వస్తా. నా గుట్టు నేనే చెప్పుకుంటా. ఆ బ్లేడు కింద పెట్టు—

అబ్బా… అమ్మా… లేవలేకపోతున్నా. సగంలో ఉంది అవ్వా, లేస్తే పొడిచినట్టుంది… ఎవరా అరుపు? రూన్‌దా?… ఎవరు పట్టుకున్నారు దాన్ని?

అత్తయ్యా! అత్తయ్యా, అక్కడే ఉన్నారా? నాకంతా తెలిసిపోయిందండీ. మీరు హలీమోని ఏం అడిగారో తెలుసు… ఏడవకండి, నేనూ అదే అడిగాను. మీ అబ్బాయీ అదే… అవునండీ, ముగ్గురం! తర్వాత తిట్టుకుందాం! గోడ దగ్గరికి పరిగెత్తండి, పక్కింట్లో రూన్‌ని పడుకోబెట్టారు. అరవండి! మా పిల్లకి చెయ్యం, ఈ వీధిలో ఎవరికీ చెయ్యలేదని అరవండి!… పోతే పోనివ్వండి పరువు!

…

హలో? విన్నావా అవ్వా?… నాకు కిటికీలోంచీ వినిపిస్తోంది, ఫోన్లోంచీ వినిపిస్తోంది… ఇంతకాలం ఆ గొంతంతా ఎక్కడ దాచుకుంది ఈవిడ!… ఖమర్ ఏమంటోంది?… కూలబడిపోయిందా.

పిల్ల? రూన్?… ముట్టుకోలేదు కదా? ఒట్టు?… హమ్మయ్య. హమ్మయ్య, నా తల్లే.

ఖమర్‌కివ్వు ఫోను. ఇవ్వమంటున్నా!

…ఖమర్? నేను, పక్కింటి ఉబాహ్‌ని… ఏడు, పర్లేదు… అవునమ్మా, వద్దనొచ్చు. ఎవరైనా వద్దనొచ్చు… నీకెవరూ చెప్పలేదు. చెప్పాల్సింది మేమే, నోరు మూసుకుని కూర్చున్నాం… ముందు కదలకుండా పిల్ల కాళ్ళకి కట్టిన గుడ్డ విప్పు. ఆ… విప్పావా?… ఇంకో చుట్టుందా… విప్పు, నేను ఫోన్లోనే ఉన్నా.

…

నిలబడిందా? నడుస్తోందా?… సరే, పెట్టేస్తున్నా.