పెనుకొండ సభలో చదివిన ఆరో పేజీ

1992 జులై 6న పెనుకొండలోని మన ప్రజావిధాన అధ్యయన కేంద్రంలో సహాయ పరిశోధకురాలిగా చేరిన శ్రీమతి తస్లీమ్ గారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. పొగిడేవాళ్లు ఈ వీడ్కోలు సంచికలో చాలామందే ఉన్నారు. ఇక్కడ ఆమె చేసిన పని చెప్పుకుంటే చాలు.

తొలి ఏళ్లలో నల్లమాడ, తాడిమర్రి వేరుశనగ రైతుల వెంట తిరిగి, సముద్రాల అవతల నూనె ధర కదిలితే ఈడ కాయల ధర ఎందుకు పడిపోతుందో ఆరా తీశారు. ఆ తరువాత సీనియర్ పరిశోధకురాలి హోదాలో, దేశాల తగవులు మన సంతల్లోకి ఏ దారిన దిగుతాయో నివేదికలు రాశారు. ప్రపంచ భద్రతంటే క్షిపణులేనని నమ్మే పెద్దల ముఖాన, ఆగిపోయిన మగ్గం కూడా భద్రతా సమస్యేనని చెప్పారు. ఏ నివేదికైనా ఢిల్లీకి పోకముందే, దానివల్ల నష్టపోయేవారి ఎదుట బిగ్గరగా చదవాలన్న నియమం పెట్టించిందీ ఆమే.

ఆ నియమం ఒకనాడు ఆమె మెడకే చుట్టుకుంది. సరిహద్దులో ఉద్రిక్తత పెరిగిన ఏడాది అది. పొరుగుదేశపు పట్టునూలును నిషేధించాలని హిందూపురం పట్టుగూళ్ల రైతులు. నిషేధిస్తే మగ్గాలు మూతేనని ధర్మవరం నేతగాళ్లు. తస్లీమ్ గారి సొంత అన్న ఫకీర్ సాబ్ హిందూపురం దగ్గర మల్బరీ తోట వేసి పట్టుగూళ్లు పెంచే రైతు. ఈ తగవుపై ఆమె రాసిన నివేదిక ఆరో పేజీ మాత్రం, ఇక్కడి నూలు చాలినంత తయారయ్యేదాకా నిషేధం వద్దంటుంది.

"ఆ పేజీ ఇవాళ వదిలేద్దాం మేడమ్, గొడవైతాది" అన్నారు డైరెక్టరు గారు.

"వదిలేసేదానికి రాయడమెందుకు సార్?"

ఇరువర్గాల ఎదుటా చదివారు. హాలు అట్టుడికిపోయింది. కుర్చీలు దొర్లాయి. "దేశద్రోహం!" అని ఎవరో అరిచారు. ఫకీర్ సాబ్ లేచాడు.

"ఏం తస్లీమా! ఆడ జవాన్లు సస్తాంటే ఈడ వాళ్ల నూలు కొనమంటావా? నాయన మల్బరీ దుడ్లతో సదువుకుంటివే, మర్సిపోతివా?"

ఆమె చేతిలో కాగితం దించారు.

"మర్సిపోలేదు భాయ్. ఈ ఏడాది మగ్గాలు మూతపడితే, వచ్చే ఏడాది నీ గూళ్ల నూలు యాడ అమ్ముడుపోతాది? కూసో. సగమే విన్నావు, అంతా విని అరుద్దువు."

ధర్మవరం నేతగాడు సుబ్బరాయుడు చప్పట్లు మొదలుపెట్టాడు. ఆమె అటు తిరిగారు.

"ఆపప్పా! తర్వాతి పేజీ నీకూ నచ్చదు. ఏటికేడు మీరు ఈడి రైతుల నూలు ఎక్కువ కొనాల్సిందేనని రాసినా."

చప్పట్లు ఆగాయి. ఫకీర్ సాబ్ మాత్రం కూర్చోలేదు, బయటికి నడిచాడు. ఆయన అభ్యంతరాన్ని ఆయన మాటల్లోనే నివేదికకు జోడించి పంపారామె.

ఆనాటి నుంచి ఆ అన్న చెల్లెలి గడప తొక్కలేదు. కానీ కేంద్రంలో ఏ నివేదిక చదివినా ముందు వరసలో ఆయనే, మొదటి అభ్యంతరం ఆయనదే. వీడ్కోలు సభకూ వస్తానని కబురంపాడు, అభ్యంతరం చెప్పడానికేనట.

తస్లీమ్ గారు ఇకపై ఆ ముందు వరసలోనే, అన్న పక్క కుర్చీలో కూర్చుని మన నివేదికలను నిలదీయాలి. ఆ తోబుట్టువుల వాదం ఇంకా తేలలేదు. అది తేలేదాకా ఇద్దరూ ఆయురారోగ్యాలతో, గొంతు తగ్గకుండా ఉండాలి. తొందరగా మాత్రం తేలకూడదు.