బాతు బొమ్మ ఇటుక

హలో… ఆ, నేనేనక్కా. మియెన్‌ని.

లేదు లేదు, ఏం కాలేదు. అందరం బాగానే ఉన్నాం. పొద్దున్నుంచీ మూడుసార్లు చేశాను… ఆ, బజార్లో ఉంటావనుకున్నాలే. టోఫు అయిపోయిందా?… సగం మిగిలిందా. వాన కదా మరి.

ఇక్కడా వానే. సన్నగా.

అమ్మ ఇంట్లో ఉన్నాను… అదే, ఇవాళే కదా. మూడింటికి తాళాలు ఇచ్చేయాలి. వచ్చే వారం కూలగొట్టడం మొదలుపెడతారట. అమ్మ పోయినప్పుడు చూశావుగా, మెట్ల పక్కన గోడ పగులు. ఇప్పుడు చెయ్యి దూరేంత అయింది.

నేనొక్కదాన్నే. ఆయన డ్యూటీకి వెళ్ళాడు. సామాను మోసేవాళ్ళు ఇద్దరొచ్చారు— అయ్యో, ఆ అద్దాల బీరువా పక్కకి వాల్చకండి బాబూ, తలుపు ఊడి వస్తుంది!… నిన్ను కాదక్కా.

అక్కా, ఒక్క మాట అడుగుదామని చేశాను. నువ్వు వస్తావా?

…

తెలుసు. మోకాళ్ళు… కొట్టు ఎవరు చూస్తారు… తెలుసక్కా. కానీ అన్నీ వాళ్ళు మోస్తారు, అమ్మానాన్నల ఫొటోల ముందు అగరొత్తులు గుచ్చే ధూపం గిన్నె మాత్రం వాళ్ళ చేతికివ్వలేను కదా. అమ్మ ఏమందో నీకూ తెలుసు. ఈ ఇల్లు వదిలే రోజొస్తే పెద్దది మోయాలి, థోవా చేతులమీదే మెట్లు దిగాలి, అని.

నేనూ మోయొచ్చు. కాదని ఎవరన్నారు. ఎర్రగుడ్డ కూడా తెచ్చిపెట్టాను, చుట్టడానికి.

ఏడవట్లేదు. జలుబు కూడా కాదు. ఏడుపు రావట్లేదక్కా అసలు. నిన్నటి నుంచీ మూటలు కడుతున్నాను… ఎవరివో కడుతున్నట్టుంది.

తొమ్మిదిన్నరకి ఒక బస్సుంది కదా మీకు?… ఊరికే అడిగాను. సరే. సరేలే.

పెట్టేయకు. కాసేపుండు. నీకేం కావాలో చెప్పు, పక్కన పెడతాను… ఏమీ వద్దా? ఏమీ అంటే— ఫ్యాను కూడానా? ఆకుపచ్చ రెక్కలది. అదేనమ్మా, మెడ ఇరుక్కుపోయి నాన్నవైపే చూస్తుండేది. మనిద్దరం చెమటతో తడిసిపోతుంటే, “ఈ ఇంట్లో దీనికొక్కదానికే నామీద గౌరవం” అనేవాడు… ఇప్పుడూ తిరుగుతుంది. నిన్న పెట్టి చూశాను. గోడవైపు చూస్తోంది, ఎవరూ లేరుగా అక్కడ.

ఎర్ర పువ్వుల ఫ్లాస్కు ఉంది. మూత లేదు. చేపల బొమ్మ ఉన్న సత్తు బేసిను ఉంది, మూడుచోట్ల మాటు వేసి… అందులోనే కదా నీకు తలంటేది, ఆ నీళ్ళతోనే నాకు, మిగిలిన నీళ్ళు డైరెక్టరుగారికి.

పంది! మరిచిపోయావా? స్నానాలగదిలో పెంచిన పందక్కా. డైరెక్టరుగారని పేరు పెట్టింది నువ్వే. మిల్లు డైరెక్టరుకి ఉన్నట్టే గడ్డంకింద మడతలున్నాయని. స్నానానికి వెళ్ళాలంటే, “డైరెక్టరుగారూ, కాస్త జరుగుతారా” అని అడిగి వెళ్ళాలనేదానివి. గోడ అవతల క్వేన్ పిన్ని వినేసి మిల్లంతా చాటేసింది. అమ్మ వారంపాటు తలెత్తుకోలేదు…

నవ్వుతున్నావా?… దగ్గా. సరే.

క్వేన్ పిన్ని ఇంకా ఉంది, కిందికి దిగుతోంది ఇప్పుడే. ఆ పిన్నీ, వస్తున్నా! థోవా అక్కతో మాట్లాడుతున్నాను!… ఊళ్ళో పళ్ళు కట్టించుకున్నావా లేక ఇంకా చిగుళ్ళతోనే బేరాలాడుతున్నావా అని అడుగుతోంది నిన్ను… చెప్తాను. చెప్పానులే. ఆవిడకి వినపడితే కదా.

ఆ… వెళ్ళిపోయింది.

అక్కా, పొద్దున్నే వంటింట్లో బియ్యం డబ్బా జరిపారు. కింద ఏముందో తెలుసా?

ఇటుక.

మన ఇటుక. రేషను బియ్యం కొట్టు ముందు వరసలో పెట్టేది… ఆ, అదే. బాతు బొమ్మది. నువ్వే గీశావు మేకుతో. నాకప్పటికి అక్షరాలు రావని. అందరి ఇటుకల మీదా పేర్లుండేవి, మనదానిమీద బాతు. “ఇది ఇటుక కాదే, అమ్మే. అమ్మ వచ్చేదాకా అమ్మ బదులు నిలబడుతుంది. దీన్ని దాటి ఎవరూ ముందుకు పోరు” అనేదానివి. ఇటుక లేనివాళ్ళు చిల్లుబుట్టలు పెట్టేవాళ్ళు, తెగిన చెప్పులు పెట్టేవాళ్ళు. తెల్లారేసరికి వరసనిండా ఇటుకలే, మనుషులు నలుగురైదుగురు. అయినా ఎవరి చోటు వాళ్ళదే.

ఒక మూల విరిగింది. మిగతాది గట్టిగానే ఉంది. డబ్బాకి ఎత్తుకోసం పెట్టిందో, దాచిపెట్టిందో… తెలీదు. అడగడానికి లేదుగా.

చేతిలోనే ఉంది. దీన్ని పట్టుకునే నీకు చేస్తున్నాను పొద్దున్నుంచీ.

…

అక్కా, నువ్వు ఈ ఇంట్లో రెండో గిన్నె అన్నం ఎప్పుడూ తినలేదు.

కొత్తేడాదికి, తెత్ పండక్కొచ్చినా తినలేదు. నా పెళ్ళికొచ్చినా తినలేదు. నేను చూస్తూనే ఉండేదాన్ని. అమ్మ గరిటె ఎత్తగానే గిన్నెమీద చెయ్యి అడ్డం పెట్టేదానివి. చాలు, చాలు అని. ఆవిడ గరిటె అలాగే పట్టుకుని కాసేపుండి, తనకే వడ్డించుకునేది… ఆకలి లేక కాదు. మీ ఇంట్లో తింటావు. పోయినేడు నేనొచ్చినప్పుడు రెండు తిన్నావు, అడుగంటిన మాడుతో సహా.

ఎందుకో నాకు తెలుసు.

“థోవా బాగా తింటుంది, అమ్మమ్మ దగ్గరుంటే ఈ నాలుగు రోజులూ గడుస్తాయి.” నాన్నతో అంది అమ్మ. నువ్వు నీళ్ళ బకెట్లతో మెట్లెక్కుతూ విన్నావు. నేను తలుపు వెనక ఉన్నాను. బకెట్టు కిందపెట్టిన చప్పుడు విన్నాను.

…

రేషను బియ్యం పుస్తకం పోయింది కాబట్టే పంపారు, అవును. అది లేకపోతే కొట్లో గింజ ఇవ్వరు. అమ్మ సైకిలుమీద వస్తూ పడేసుకుందనే కదా నీకు తెలిసింది? నాన్నకీ అదే తెలుసు. పోయేదాకా దెప్పుతూనే ఉన్నాడు. పులుసులో ఉప్పెక్కువైతే, “బియ్యం పుస్తకం పారేసిన చేతులు కదా” అనేవాడు.

అమ్మ పారేయలేదక్కా.

…

నేను.

ఉండు. మధ్యలో ఆపకు. ఆపితే మళ్ళీ చెప్పలేను.

ఆ పొద్దున నువ్వు కుళాయి దగ్గర నీళ్ళ వరసలో ఉన్నావు. మిల్లు సైరను వేశారు. అమ్మ హాజరు వేయించుకుని వస్తానని, పుస్తకం నా చేతిలో పెట్టింది. గుండెకి హత్తుకుని ఇటుక పక్కనే నిలబడు, అంది. నిలబడ్డాను. చాలాసేపే నిలబడ్డాను. ఇంతలో మిఠాయివాడి గంట… పాత చెప్పు ఇస్తే సాగదీసి పంచదార మిఠాయి ఇచ్చేవాడే, వాడు. మన మెట్లకింద నాన్న తెగిన చెప్పు ఒకటుంది. అది తెచ్చుకోవాలి. పుస్తకం తీసుకుని పరిగెడితే పడిపోతుందేమోనని…

ఇటుక కింద పెట్టాను.

అమ్మేనన్నావు కదా నువ్వు. అమ్మ బదులు నిలబడుతుందన్నావు. చోటు కాచేది పుస్తకాన్ని కాయదా అనుకున్నాను. ఆరేళ్ళక్కా నాకు.

వచ్చేసరికి ఇటుక అక్కడ లేదు. ఎవరూ ఎత్తుకుపోలేదు, వరస కదిలింది, అంతే. వెనకవాళ్ళు కాలితో ముందుకి నెట్టారు, మన చోటు పోకూడదని. మంచికే చేశారు. మన బాతు కొట్టు కిటికీ దగ్గరికి, మూడో చోటికి వచ్చేసింది. కింద పుస్తకం లేదు. ముందున్న చోటుకి వెళ్ళి చూశాను. అక్కడ వేరేవాళ్ళ బుట్ట ఉంది. బుట్ట ఎత్తి చూశాను. అందరి ఇటుకలూ ఎత్తి చూశాను. ఎవరో ఆవిడ నా చేతిమీద కొట్టింది, చోట్లు మారుస్తున్నాననుకుని.

మిఠాయి చేతికంతా అంటుకుపోయింది. అది బాగా గుర్తు.

…

అమ్మకి చెప్పాను. అప్పుడే, మిల్లునుంచి రాగానే. కొట్టలేదు. కుళాయి దగ్గరికి తీసుకెళ్ళి నా మొహం కడిగింది, వేళ్ళు కడిగింది. “నేను పారేశాను. సైకిలుమీద. నీకేం తెలీదు” అంది. నాన్న బెల్టు తెలుసు కదా నీకు. “నేనున్నన్నాళ్ళూ ఎవరితోనూ అనకు. అక్కతో కూడా” అంది.

అనలేదు.

నిన్ను బస్సెక్కించే రోజు కూడా అనలేదు. నీ చేతిలో వెదురుబుట్ట, అందులో నా పాత స్వెట్టరు, పట్టకపోయినా పెట్టింది అమ్మ. “పడుకునేప్పుడు గోడవైపు చోటు నువ్వే తీసుకో” అన్నావు నాతో, కిటికీలోంచి. తీసుకున్నాను. చల్లగా ఉండేది.

ఆరు నెలలకి కొత్త పుస్తకం వచ్చింది. అప్పటికి అమ్మమ్మ పడి తుంటి విరగ్గొట్టుకుంది. ఇంకో ఏడాది అన్నారు. తర్వాత నిన్ను పంపమని అడగడం మానేశారు.

…

తెలీదు. నిన్నే ఎందుకు పంపిందో తెలీదు. నువ్వైతే పొలంలో పని అందుకుంటావని కాబోలు. నేనైతే ఏడ్చి ఏడ్చి నిజం చెప్పేస్తానని కాబోలు. కానీ తిండికి కాదక్కా. నాన్న అడిగితే ఏదో ఒకటి చెప్పాలి కదా, నోటికి ఆ మాట వచ్చింది. నువ్వు మెట్లమీద ఉన్నావని ఆవిడకి తెలీదు.

తర్వాత తెలిసిందేమో. నీ గిన్నె చూసి.

…

తిట్టు… తిట్టొచ్చు కదా.

ఆ. నలభై ఏళ్ళు… అమ్మ ఉండగా చెబితే అమ్మని అబద్ధాలకోరుని చేసినట్టవుతుందని… అవును. సాకే. అమ్మ పోయి నాలుగు నెలలైంది, అప్పుడూ చెప్పలేదు. చెబితే నువ్వు అసలు రావేమోనని. చెప్పకపోయినా రావట్లేదుగా. అందుకే చెప్పేశాను.

…

అక్కా?

ఉన్నావా?… గరిటెల చప్పుడు వినిపిస్తోంది. ఉన్నావు.

…

ధూపం గిన్నె నేనే మోస్తాను. అది కూడా చెప్దామనే. నువ్వేం మొహమాటపడకు. రెండు చేతులతో పట్టుకుని, మెల్లగా—

ఏంటి?

బాతా?… కనిపిస్తోంది. తోక అరిగిపోయింది. ముక్కుంది, కన్నుంది.

ఎక్కడ?… గుమ్మం దగ్గరా? గడపకి లోపలా, బయటా?… సరే.

ఎవరి బదులు?… నువ్వొచ్చేదాకానా?

…

తొమ్మిదిన్నరదే? టోఫు ఎవరికి అప్పజెప్తావు మరి?… వానకి తడిస్తే తడవనీ అంటే ఎలా, పక్కకొట్టావిడని అడుగు… సరే, సరే, నాకెందుకు. పన్నెండున్నరకల్లా వచ్చేస్తావు. మూడుదాకా టైముంది.

తిని వస్తావా?… గిన్నెలన్నీ మూట కట్టేశాను… కాదు కాదు, విప్పుతాను. కుక్కరు పైనే ఉంది. డబ్బాలో బియ్యం ఉన్నాయి, అమ్మ కొన్నవే. ఎంత పోయను?

…

సరే.

నీకు రెండు గిన్నెలకి సరిపడా పోస్తాను. కొంచెం అడుగంటనిస్తాను.

బాబూ, ఇప్పుడే కింద పెట్టాను, ఆ ఇటుకని సామాన్లలో వేయకండి. ఇలా ఇవ్వండి… చెత్త కాదు. గుమ్మంలో పెడుతున్నాను, చూసి దాటండి.

పెట్టానక్కా. బాతు పైకే ఉంది… ఆ, బీరువా పట్టట్లేదంటున్నారు గుమ్మంలోంచి. పక్కకి వంచుకుంటారులే, ఇటుకని మాత్రం జరపనివ్వను.

ఉంటాను. పక్కనే కూర్చుంటాను… ఎక్కడికీ పోను. పోనన్నానుగా.

మెల్లగా రా. మెట్లు తడిగా ఉన్నాయి. పెట్టేస్తున్నా.