అటెండరు సంతకం

1983లో తమిళనాడు ధర్మపురిలోని ఒక చిన్న కాలేజీ. అధ్యాపకుల ఘనకార్యాల పట్టిక ఆ సాయంత్రమే అచ్చుకు పోవాలి. జంతుశాస్త్రం లెక్చరరు తన తెలుగు కవితల పుస్తకం పట్టుకొని అటెండరు దగ్గరికి వెళ్లాడు.

"పుస్తకం బాగుందని తెలుగు తెలిసినవాళ్లు ఒకరు సంతకం పెట్టాలంట అప్పా. ఇక్కడ తెలుగోళ్లం మనమిద్దరమే."

"నాకు మాట్లాడేదే వచ్చు సార్, చదివేది రాదే."

"చదవొద్దు, సంతకం పెట్టు చాలు. కెమిస్ట్రీ సారుకు కవలలు పుట్టింది కూడా పట్టికలో ఎక్కించినారు."

"దానికి సాక్షి ఎవరు?"

"ప్రిన్సిపాలే. పేరు పెట్టిన దినం పోయి వడా పాయసం తినొచ్చినాడు."

"చూడండి, ఆయన తిని చెప్పినాడు. నేను వినకుండా ఎట్లా చెప్పేది? ఒకటి చదవండి సార్."

లెక్చరరు ఒకటి చదివాడు. చనిపోయిన భార్య పెంచిన మేక మీద రాసింది.

"ఆ మేక ఇంకా ఉందా సార్?"

"ఉంది. ఆమె మేత వేసే వేళకు ఇప్పుడూ అరుస్తుంది."

అటెండరు పుస్తకం మందం చూశాడు.

"ఇట్లాంటివి ఎన్ని ఉండాయి?"

"నలభై."

"అయితే ఈ పొద్దు సంతకం పెట్టను. దినానికొకటి చదవండి, అన్నీ విని పెడతాను."

"పట్టిక ఇప్పుడే పోతుందప్పా!"

"పోనీండి సార్. రేపటిది దేని మీద?"

"మా ఇంటామె కోపం మీద."

"అయితే రేపు తొందరగా వస్తాను."

అచ్చాఫీసు మనిషి పట్టిక తీసుకుపోతుంటే లెక్చరరు తల ఎత్తలేదు. రేపటి కవిత ఉన్న పుట మూల మడుస్తున్నాడు.