సుగంధి సీసాలో సగం

ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన మరుసటి వేసవిలో, గిద్దలూరు సోడా దుకాణం ముందు ఆమె రోజూలాగే ఖాళీ సీసా దుకాణదారుకు అందించింది.

"సుగంధి షర్బత్తు నింపన్నా. మా ఆయనకు చక్కెర జబ్బంట. కర్నూల్లో కాలి వేలు తీసేసినారు."

"చక్కెర జబ్బుకు ఇది తాపుతాండావా చెల్లెమ్మా?"

"వేరు రసమే గదా. చలవ చేస్తాదని పూటకో గ్లాసు ఇస్తాండా. ఇంట్లో బెల్లం, చక్కెర ఎప్పుడో మాన్పించినా."

"వేరు రసం కొంచెమే. సగం సీసా చక్కెర పాకమే. నేనే కాస్తా."

ఆమె సీసా వెనక్కి తీసుకుంది. బల్ల మీద కూలబడింది.

"ఆయన వద్దంటున్నా బలవంతాన తాపినా. ఆయనకెట్ల చెప్పేది?"

అతను దుకాణం తలుపులు మూశాడు.

"నేనూ వస్తా, పద. అమ్మినోణ్ణి నేనే గదా."