నాలుగు సీట్లు

బంద్ రోజు. దిల్‌సుఖ్‌నగర్‌లో సగం దించిన షట్టరు వెనక, విమానం నడపడం కలిసి నేర్చుకున్న ఇద్దరు స్నేహితులు చెరిసగం పెట్టి కొనబోయే పాత విమానం కోసం ఫొటోలు చూస్తున్నారు. షాపు విజయవాడ నుంచి వచ్చినవాడిది, రెండోవాడు ఇక్కడే సైదాబాద్‌లో పుట్టి పెరిగినవాడు.

"రెండు సీట్లదే తీస్కుందాం. వారం వారం ఎగురుతున్నది."

"అది బాగా తిరిగేసిందిరా. ఈ నాలుగు సీట్లది అసలు వాడనే లేదు."

"కారనుకున్నవా? ఏండ్ల సంది షెడ్డుల నిలబెడితే ఇంజన్ లోపల తుప్పు పడ్తది. ట్రైనింగ్‌ల సార్ చెప్పినప్పుడు నా పక్కనే ఉంటివి గదా."

"ఇంజను బాగుచేయించుకోవచ్చు. సీట్లు పెంచుకోలేం."

"ఎగిరేది మనిద్దరమే. నాలుగెందుకు?"

బయట 'జై తెలంగాణ' నినాదాలు దగ్గరయ్యాయి. షాపువాడు షట్టరు పూర్తిగా దించాడు.

"రాష్ట్రం వచ్చేస్తే ఏమవుతుందోనని మా ఆవిడకి నిద్ర పట్టట్లేదు. రోడ్లు మూసేస్తే పిల్లల్ని విజయవాడ చేర్చాలి కదా."

"నువ్వు, చెల్లెమ్మ, ఇద్దరు పిల్లలు."

"అవును."

"విమానంల సగం నాది. మరి నన్నేడ కూసోబెడ్తవ్?"

షాపువాడు ఫొటోలు సర్దసాగాడు.

"షట్టర్ ఎత్తు. నేను పోతా."

"ఇప్పుడొద్దురా. వాళ్లు వెళ్లిపోనీ."

"వాళ్లను చూసి నాకేం భయం?"